చాగ్లా గారి దారిలో మా అమ్మాయిని పెట్టడం ఎలా?

ఐదేళ్ల లా కోర్సులో మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి రాసిన ఉత్తరానికి ఇది జవాబు. ఆ అమ్మాయికి రాజ్యాంగ చట్టమన్నా, అంతర్జాతీయ చట్టమన్నా ఇష్టం. హాస్టల్లో జూనియర్లను కూర్చోబెట్టి పాఠాలు చెబుతుంది, లా ప్రొఫెసర్‌ని అవుతానంటోంది. తండ్రికి మాత్రం ఆమె ‘ఉత్త లెక్చరర్‌గా’ మిగిలిపోతుందేమోనని భయం. లా ప్రొఫెసర్‌గా పనిచేసిన ఎం.సి. చాగ్లా తర్వాత రాయబారి, కేంద్రమంత్రి అయ్యారని ఆయన ఎక్కడో చదివారు. ఆ దారిలో కూతుర్ని పెట్టాలంటే నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), పీహెచ్‌డీ మేలా, సివిల్స్ రాసి ఫారిన్ సర్వీస్‌కు వెళ్లడం మేలా, లేక ఇల్లు తాకట్టు పెట్టి విదేశంలో ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేయించడం మేలా అని అడిగారు. కన్సల్టెన్సీ వారు మూడోదే మంచిదని చెబుతున్నారట.

అయ్యా, మీరు అడిగింది మూడు దారుల గురించే అయినా, పిల్ల ఇష్టపడిన పని నలుగురిలో చెప్పుకోవడానికి చిన్నదిగా ఉంటుందేమోనన్న బెంగ మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఈ బెంగతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది. పిల్లలు టీచింగ్ అంటే వీరు వైస్ ఛాన్సలర్ అంటారు, పిల్లలు రీసెర్చ్ అంటే వీరు ఐక్యరాజ్యసమితి అంటారు. అందుకని ముందుగా చాగ్లా గారి జీవితాన్నే తేదీలతో సహా ఒకసారి చూద్దాం.

1900లో పుట్టిన చాగ్లా ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, 1922లో బారిస్టరై, బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1927లో అక్కడి ప్రభుత్వ లా కళాశాలలో ప్రొఫెసరయ్యారు. ఆ రోజుల్లో అక్కడ పాఠాలు చెప్పినవారిలో చాలామంది కోర్టులో కేసులు వాదిస్తూనే తరగతికి వచ్చేవారు. 1941లో ఆయన హైకోర్టు న్యాయమూర్తి, 1947లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అమెరికాకు రాయబారిగా వెళ్లింది 1958లో, అంటే 58 ఏళ్ల వయసులో. బ్రిటన్‌లో హైకమిషనర్ పదవి 1962లో, విద్యామంత్రి పదవి 1963లో వచ్చాయి. తరగతి గదిలో అడుగుపెట్టిన నాటికీ వాషింగ్టన్ వెళ్లిన నాటికీ మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి, అందులో పదిహేడేళ్లు ఆయన న్యాయపీఠం మీదే ఉన్నారు. ప్రొఫెసరు ఉద్యోగం నేరుగా రాయబార కార్యాలయానికి దారితీసిందని అనుకోవడానికి ఆ తేదీల్లో ఆధారం లేదు.

ఆయనను అక్కడిదాకా తీసుకువెళ్లింది వృత్తిలో సంపాదించుకున్న పేరు. ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో ఎల్‌ఐసీ పెట్టిన డబ్బు వ్యవహారాన్ని 1958లో ఏకసభ్య కమిషన్‌గా ఆయన బహిరంగంగా విచారించారు, దాని ఫలితంగా ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది. ప్రభుత్వంలోని మంత్రి పదవికే ఎసరు పెట్టిన ఆ న్యాయమూర్తిని అదే ప్రభుత్వం అదే ఏడాది అమెరికాకు రాయబారిగా పంపింది. 1964లో కాశ్మీర్ విషయం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు వచ్చినప్పుడు భారత్ తరఫున వాదించడానికి వెళ్లింది కూడా విద్యామంత్రిగా ఉన్న చాగ్లాయే. 1966 నవంబరులో ఆయన విదేశాంగ మంత్రి అయ్యారు, ఉన్నత విద్యను ఏ భాషలో బోధించాలన్న విషయంలో ప్రభుత్వ విధానంతో విభేదించి 1967 సెప్టెంబరులో, ఏడాది కూడా నిండకుండానే రాజీనామా చేశారు. ఆ తర్వాత మళ్లీ నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లారు. మీరు మురిసిపోతున్న పదవి ఏడాదైనా నిలవలేదు, ఇరవై రెండేళ్ల వయసులో చేతికొచ్చిన వృత్తి డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఆయనతోనే ఉంది. పదవి ఇచ్చినవారితో విభేదించగలిగే ధైర్యం ఆ వృత్తి నుంచే వచ్చిందని నేననుకుంటాను.

పొరుగు దేశాల్లో ఇలాంటివారు మరో ఇద్దరున్నారు. ఢాకా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన కమాల్ హొస్సేన్ బంగ్లాదేశ్ రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడై, న్యాయశాఖ మంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేశారు. కొలంబోలో న్యాయశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న జి.ఎల్. పీరిస్ 1994లో శ్రీలంక పార్లమెంటులో ప్రవేశించి, తర్వాత రెండుసార్లు విదేశాంగ మంత్రి అయ్యారు. ఇద్దరికీ మంత్రి పదవి రాజకీయ పార్టీ ద్వారా వచ్చింది. మీ ఉత్తరంలో రాజకీయాల ప్రస్తావన ఎక్కడా లేదు. అమ్మాయిని మంత్రిగా చూడాలనుకుంటూ, ఎన్నికల సభలో మైకు పట్టుకుంటే మాత్రం వద్దనే తండ్రులను నేను చూశాను, మీరు వారిలో ఒకరో కాదో మీరే చెప్పాలి.

ఇక విదేశీ ఎల్‌ఎల్‌ఎం సంగతి. దీని మీద నాకు అనుమానాలు ఎక్కువ, కాబట్టి కొంత వివరంగానే రాస్తాను. ‘ఇంటర్నేషనల్ లా అండ్ డిప్లొమసీ’ అన్న పేరుతో వచ్చే బ్రోచర్ల మీద జెండాల వరుస, గుండ్రటి సమావేశ మందిరం బొమ్మ తప్పనిసరిగా ఉంటాయి. అమెరికాలోని పేరున్న లా స్కూళ్లలో ట్యూషన్ ఫీజు ఒక్కటే 70,000 డాలర్లు దాటుతోంది, కోర్సు మాత్రం తొమ్మిది పది నెలల్లో ముగుస్తుంది. ఆ నెలల్లో మంచి గురువులు, గొప్ప గ్రంథాలయం, పలు దేశాల సహాధ్యాయులు దొరుకుతారు, ఆ విలువను నేను తక్కువ చేయను. అయితే దౌత్య ఉద్యోగం మాత్రం ఆ పట్టాతో రాదు. మన ఫారిన్ సర్వీస్‌కు ఎంపిక సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారానే జరుగుతుంది, అక్కడ ఆ పట్టాకు ఒక్క మార్కు కూడా అదనంగా కలవదు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. యువతను ఉద్యోగాల్లోకి తీసుకునే అక్కడి యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్‌కు వయోపరిమితి ఉంది, పైగా ఏ ఏడాది ఏ దేశాలవారు దరఖాస్తు చేయవచ్చో వారే ప్రకటిస్తారు.

పోనీ తిరిగి వచ్చి పాఠాలు చెబుతుందంటారా? ఏడాది విదేశీ ఎల్‌ఎల్‌ఎం ఇక్కడి ఎల్‌ఎల్‌ఎంకు సమానం కాదని, న్యాయవాదులనూ న్యాయవిద్యనూ నియంత్రించే బార్ కౌన్సిల్ తన 2020 నిబంధనల్లో పేర్కొంది, ఆ నిబంధనలపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అధ్యాపక నియామకాలకు అడ్డొచ్చే అవకాశమున్న పట్టా కోసం ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. విదేశంలో చదవాలన్న కోరిక బలంగా ఉంటే దానికి వేరే వేళ ఉంది. బ్రిటన్‌లో చదువుకు ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం, అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంటే కొన్నేళ్లు పనిచేసి, తనకేం కావాలో తెలుసుకుని, ఇంకొకరి ఖర్చుతో వెళ్లే వీలు ఆమెకు ముందుంది.

మిగిలిన రెండు దారుల మధ్య మీరనుకున్నంత వైరం లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం రూ.57,700, ఫారిన్ సర్వీస్‌లో చేరినవారి ప్రారంభ మూలవేతనం రూ.56,100. విదేశీ భత్యాలు, బంగళాలు వేరే లెక్క, అయినా మీ ‘ఉత్త లెక్చరర్’ కాగితం మీద రూ.1,600 ముందే ఉన్నారు. ఇందులో చేదు నిజం కూడా చెప్పాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి సాగుతుంది, ఈలోపు గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పనిచేసేవారు ఎందరో. పూర్తికాలం అధ్యాపకురాలైతే న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. ప్రాక్టీసులో ఉన్నవారు రోజుకు మూడు గంటలకు మించకుండా పాఠాలు చెప్పుకోవచ్చునని నిబంధన ఉంది కాబట్టి, చాగ్లా గారి తొలి రోజులకు దగ్గరగా ఉన్నది ఆ పద్ధతే. కొన్నేళ్లు కోర్టులో నలిగిన మనిషి చెప్పే రాజ్యాంగ చట్టం పాఠం వేరుగా ఉంటుంది, మీ అమ్మాయితో ఈ మాట తప్పక చెప్పండి.

మీరు అడగని నాలుగో దారి ఒకటుంది, ఆమె ఇష్టానికి బహుశా అదే ఎక్కువ సరిపోతుంది. విదేశాంగ మంత్రిత్వ శాఖలో 1957 నుంచీ ఒక న్యాయ, ఒప్పందాల విభాగం ఉంది. అందులోని లీగల్ ఆఫీసర్ పోస్టులకు ఖాళీలను బట్టి యూపీఎస్సీ విడిగా ప్రకటన ఇస్తుంది. నేరస్థుడిని అప్పగించమని ఒక దేశాన్ని కోరినప్పుడు, అతడు చేసిన పని ఆ దేశ చట్టంలోనూ నేరమేనా, ఏ సెక్షన్ కింద, మనం పంపే కాగితాలు అక్కడి న్యాయమూర్తి ముందు నిలుస్తాయా అని చూసేది ఇలాంటి న్యాయ అధికారులే. ఆ విభాగంలో పనిచేసిన మన తెలుగువారు పాటిబండ్ల చంద్రశేఖరరావు తర్వాత కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి అయ్యారు, 1996లో హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి న్యాయమూర్తిగా ఎన్నికై 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షత వహించారు. ఆ విభాగానికే అధిపతిగా ఉన్న పెమ్మరాజు శ్రీనివాసరావు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ లా కమిషన్‌లో సభ్యులుగా పనిచేశారు. వీరు మంత్రులు కాలేదు, వీరి పేర్లు మీరు వినకపోయి ఉండవచ్చు, దేశాల మధ్య చట్టం రాసే గదిలో మాత్రం వీరికి కుర్చీ ఉండేది.

ఇప్పుడు కాస్త కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో చాగ్లా గారి గురించి ఒక పేజీ ఉంది, మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యంలో ముగిసింది. ఇరవై ఏళ్ల పిల్ల తోటి పిల్లలకు అర్థమయ్యేలా రాజ్యాంగం చెప్పగలుగుతోందంటే ఆ పనిలో ఆమెకు చేయి తిరుగుతోందన్నమాట. దాన్ని మరేదో పదవికి అడ్వాన్సుగా కట్టించాలని చూడకండి. ఆమె లెక్చరర్‌గానే రిటైరైతే మీకు వచ్చే నష్టమేమిటో ఒకసారి మీలో మీరే తేల్చుకోండి, ఎందుకంటే ఆమెకైతే నష్టమేమీ నాకు కనిపించడం లేదు. భవిష్యత్తు గురించి భయపడవలసిన స్థితిలో ఆమె లేదు. మంచి లా పట్టా, చెప్పగలిగే నోరు, చదవాలన్న ఇష్టం ఉన్న మనిషికి కోర్టు, కళాశాల, ప్రభుత్వం మూడూ తలుపులు తెరిచే ఉంచుతాయి, ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఏ తలుపూ మూసుకోదు.

ఈ రెండేళ్లలో జెస్సప్ మూట్‌లో, అంటే లా విద్యార్థులు అంతర్జాతీయ చట్టంపై నమూనా కోర్టులో వాదించే పోటీలో, పాల్గొననివ్వండి. ఆ పోటీకి పేరిచ్చిన ఫిలిప్ జెస్సప్ కూడా కొలంబియాలో న్యాయశాస్త్రం బోధించి, అమెరికా దౌత్యవేత్తగా పనిచేసి, అంతర్జాతీయ న్యాయస్థానం న్యాయమూర్తి అయినవారే. విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా నటించే మాక్ ఐక్యరాజ్యసమితి సమావేశాల సర్టిఫికెట్లకు కట్టే డబ్బు మాత్రం ఆపవచ్చు. సెలవుల్లో ఢిల్లీలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా నిర్వహించే వేసవి కోర్సుకు పంపండి. సివిల్స్ రాస్తానని ఆమె తనంతట తాను అంటే రాయనివ్వండి, మీరు మాత్రం ఆ ప్రస్తావన తేకండి. కన్సల్టెన్సీ వారు మళ్లీ ఫోన్ చేస్తే, ఈ ఎల్‌ఎల్‌ఎంతో మన విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత ఉంటుందా, గత బ్యాచ్‌లో ఎందరు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు అని రెండే ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. వాటికి సంతకంతో జవాబు వచ్చేదాకా ఇంటి దస్తావేజులు బ్యాంకుకు తీసుకువెళ్లకండి.