అమ్మమ్మ కన్నవారిది ఏ ఊరు?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా మండలంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ నమూనాలు తీయబోతున్నాం. ఇంటిపేర్లు వేరైన వాళ్లను ఎంచుకుంటే చాలా? మా వైపు మేనరికాలు ఎక్కువ.
– విద్యార్థిని, టెక్కలి

జవాబు: చాలదమ్మా. ఇంటిపేరు తండ్రి వెంట, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఈ డీఎన్‌ఏ తల్లి వెంట నడుస్తాయి. అన్నదమ్ముల పిల్లలది ఒకే ఇంటిపేరైనా తల్లులు వేరు కనక తల్లి వరుసలు (తల్లి నుంచి బిడ్డకు దిగే గీతలు) వేరు. అక్కచెల్లెళ్ల పిల్లలు మూడు ఇంటిపేర్లలో ఉన్నా వరుస ఒక్కటే.

మేనరికమైతే అది ఎటువంటిదో అడగాలి. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఆమె వరుస వాళ్లమ్మది, అంటే మన అత్తది. అక్క కూతుర్ని చేసుకుంటే మాత్రం భార్యాభర్తలది ఒకే వరుస, పిల్లలదీ అదే. మేనత్త కూతుర్ని చేసుకున్న ఇంట్లో పిల్లలకు నాన్న తండ్రి వరుసే తిరిగి వస్తుంది. అక్కడ తాత నమూనా, మనవడి నమూనా రెండూ తీస్తే ఒకే గీతను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. ఊరంతా ఒకే తల్లి సంతానమన్న తప్పుడు లెక్కలు ఇలాగే తేలుతాయి.

అందుకని తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి, ఈ ముగ్గురి కన్నవారి ఊళ్లూ రాయించండి. ఒడిశా నుంచి ఇచ్ఛాపురం వచ్చిన కోడలి ఊరు రాయకపోతే ఆవిడ వరుస కూడా ఇక్కడిదే అయిపోతుంది. ఈ మూడు తరాల్లో కలిసే వాళ్లలో ఒక్కరినే ఉంచండి. వీటన్నిటికంటే ముందు మీ సంస్థ నైతిక సంఘం అనుమతి కావాలి, సమ్మతి పత్రం వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాలి.

నమూనాకు ముందు అరగంట తినడం, తాగడం వద్దు. అడ్డచుట్ట అలవాటున్న అవ్వల చేత నోరు బాగా పుక్కిలింపించండి. రెండు పుల్లలతో ఒక్కో బుగ్గ లోపల 30 సెకన్లు రుద్ది, నీడలో ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూస్తే మన సముద్రపు తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ చీకిపోతుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. నమూనాలు తీసినవాళ్ల డీఎన్‌ఏ కూడా చదివించి పక్కన పెట్టుకోండి. ఎవరి ఫలితమైనా దానితో అచ్చం కలిస్తే ఆ నమూనా మళ్లీ తీయాల్సిందే.

ప్రశ్న: మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదివిస్తుంటే 16189వ స్థానం దాటాక రీడింగ్ గజిబిజిగా వస్తోంది. నమూనా పాడైందా?
– అధ్యాపకుడు, చీపురుపల్లి

జవాబు: పాడైందనుకోనక్కర్లేదు. ఈ డీఎన్‌ఏ ఎ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన వలయం. మొత్తం 16,569 అక్షరాల ఈ వలయంలో 16184 నుంచి 16193 దాకా దాదాపు అన్నీ ‘సి’లే. మధ్యలో 16189 దగ్గరి ‘టి’ అడ్డుకట్టలా ఉంటుంది. కొందరిలో అది కూడా ‘సి’గా మారుతుంది. అప్పుడు నకలు తీసే ఎంజైము అక్కడ జారి ఒకటి ఎక్కువో తక్కువో వేస్తుంది, వేర్వేరు పొడవుల నకళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అవతలి వైపు ప్రైమరుతో (చదవడం మొదలయ్యే చోట అతికే చిన్న డీఎన్‌ఏ ముక్క) వెనక్కి చదివించి రెండు సగాలూ అతకండి. 310 దగ్గరా ఇదే తంటా.

పోల్చేటప్పుడు, ప్రమాణంగా పెట్టుకున్న 1981 నాటి కేంబ్రిడ్జి డీఎన్‌ఏ క్రమం కాకుండా, తప్పులు దిద్ది 1999లో ఇచ్చినదాన్ని వాడండి. మీరు చదివించిన ఈ చిన్న ముక్కతోనే, తల్లి వరుసల వృక్షంలో ఇది ఫలానా శాఖ అని పేరు పెట్టేయకండి. ఒకే మార్పు వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుడుతుంటుంది. ‘ఎం’ శాఖ అనుకుంటే 10400 దగ్గర ‘టి’ ఉందో లేదో చూశాకే రాయండి.

ప్రశ్న: సవర భాష ముండా కుటుంబానిది కదా. తల్లి వరుస కూడా తూర్పు దేశాల దారే చూపిస్తుందా?
– పాఠకుడు, మందస

జవాబు: చూపించదు. ముండా భాషలవారి మగవారిలో ఎక్కువగా కనిపించే, తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోము శాఖకు ఆగ్నేయాసియాతో చుట్టరికం ఉంది. తల్లి వరుసలు మాత్రం చాలా మటుకు ఈ దేశపు పాత ‘ఎం’, ‘ఆర్’ శాఖలవే. అటునుంచి వచ్చినవారిలో మగవాళ్లే ఎక్కువని, వాళ్లు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడారని దీన్నిబట్టి అనుకోవచ్చు. గిడుగు రామమూర్తి గారు అంత శ్రమపడి నేర్చి రాసిపెట్టిన ఆ భాష ఒక దారి చెబుతుంటే, దాన్ని పిల్లలకు నేర్పిన తల్లుల డీఎన్‌ఏ మరో దారి చెబుతోంది.

ప్రశ్న: మా కులం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్ష చెబుతుందా?
– పాఠకుడు, రాజాం

జవాబు: చెప్పదు. పది తరాల వెనక మీకు 1,024 పూర్వీకుల స్థానాలుంటే ఇది చెప్పేది ఒక్క ఆవిడ సంగతే. ‘ఎం’ శాఖ కొమ్మలు అన్ని కులాల్లో, తెగల్లో ఉన్నాయి. మీ నాయనమ్మ వరుస కావాలంటే నాన్నగారి నమూనా ఇవ్వండి. ఆయన లేకపోతే మేనత్తది, ఆవిడా లేకపోతే ఆవిడ కొడుకుదైనా కూతురిదైనా సరిపోతుంది.