ఆ రాత్రి ఎవరూ అడగని ప్రశ్న

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా ఆయన గవర్నమెంటు టీచరు. దసరా సెలవుల్లో మేమిద్దరం, పదేళ్ల బాబు, 72 ఏళ్ల అత్తగారు, విజయనగరంలో ఉండే మా ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ల పాప, మొత్తం ఏడుగురం మైసూరు, ఊటీ వెళ్లాం. అత్తగారికి అదే మొదటి విమానం. వెళ్లేటప్పటి బోర్డింగ్ పాస్ ఇప్పటికీ పంచాంగంలో దాచుకున్నారు. టికెట్లన్నీ ఆడపడుచు భర్తే తీశాడు. తిరుగు ప్రయాణం బెంగళూరు నుంచి విశాఖకి, సాయంత్రం విమానం. ముందు రోజు రాత్రి వాళ్ల ముగ్గురికీ ఫోన్లోనే చెకిన్ చేసుకుని, మాది మమ్మల్ని చేసుకోమని మా ఆయనకి లింకు పంపాడు. ఈయన 'ఎయిర్‌పోర్టులో చూసుకుందాంలే' అన్నారు.

టైముకే కౌంటర్ దగ్గరికి వెళ్లాం. కన్ఫర్మ్ టికెట్ ఉన్నా 'సీట్లు నిండిపోయాయి, మీ నలుగుర్నీ రేపు ఉదయం పంపిస్తాం' అన్నారు. మా ఆయన గొంతు చించుకున్నా వినలేదు. ఆడపడుచు భర్త 'రేపు డ్యూటీ ఉంది బావా' అని పెళ్లాం పిల్లతో వెళ్లిపోయాడు. మాకు నాలుగు శాండ్‌విచ్‌లు, మనిషికి 1,500 రూపాయల వోచరు ఇచ్చి, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అత్తగారు బ్రెడ్ ముట్టరు. నా సంచిలో మిగిలిన అటుకులు తిన్నారు. రాత్రంతా కుర్చీల్లోనే. నేనే ఆవిడ కాళ్లు నొక్కుతూ కూర్చున్నాను. (ఆడపడుచు ఆ రాత్రి రెండుసార్లు ఫోన్ చేసింది, ఈయన ఎత్తలేదు.)

అప్పటి నుంచి ఈయన చెల్లెలితో మాట్లాడటం లేదు. సంక్రాంతికి పిలవలేదు. రథసప్తమికి ఏటా ఆమె మా ఇంటికే వచ్చి అరసవల్లి దర్శనం చేసుకుంటుంది. ఈసారి ఆ ఊసే లేదు. అత్తగారు 'నానేటి ఇమానం ఎక్కుతానన్నానేటి' అని ఏడుస్తున్నారు. ఈయనేమో 'మన జిల్లా ఎంపీయే విమానయాన మంత్రి, ఆయన్నే కలిసి తేలుస్తా' అంటూ మూడు నెలలు గడిపేశారు. కన్నతల్లిని వదిలేసి వెళ్లిన కూతుర్ని ఎలా క్షమించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకూ మీ ఆడపడుచు మీద కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే బ్రాకెట్లో పెట్టిన వాక్యం దగ్గర ఆగిపోయాను. రెండుసార్లు ఫోన్ చేసిందని రాశారు. ఎందుకు చేసిందో రాయలేదు. బహుశా మీకూ తెలీదు. ఆ తర్వాతైనా ఎవరైనా కనుక్కున్నారా?

ముందు ఆ కౌంటర్ దగ్గర ఏం జరిగిందో చూద్దాం, ఇంటి గొడవకి మూలం అక్కడే ఉంది. విమానాల వాళ్లు ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముతుంటారు. పెళ్లికి అయిదొందల కార్డులు పంచి నాలుగొందల విస్తళ్లకే వండించినట్టు, కొందరు ఎలాగూ రారని వాళ్ల లెక్క. ఆ రోజు అందరూ వచ్చేశారు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. సిబ్బంది మొదట 'తమంతట తాముగా ఎవరైనా ఆగిపోతారా' అని ప్రయాణికుల్ని అడగాలి, ఆగేవాళ్లకి ఏదో ఒకటి ఇవ్వజూపాలి. ఎవరూ ముందుకు రాకపోతేనే ఒకర్ని దించెయ్యాలి. మీ ఉత్తరంలో అలా అడిగినట్టు ఎక్కడా లేదు. పదేళ్ల పిల్లాడితో, 72 ఏళ్ల మనిషితో ఉన్న కుటుంబాన్ని నేరుగా పక్కకి నిలబెట్టేశారు.

ఆ ప్రశ్న అడిగి ఉంటే మీ ఆడపడుచు 'నేను ఆగుతాను, మా అమ్మని పంపండి' అనేదేమో. అనకపోయేదేమో కూడా. కానీ ఆమెను సిబ్బంది అడగలేదు, మీవారూ అడగలేదు. 'నువ్వు ఆగు, అమ్మని మీ ఆయనతో పంపిద్దాం' అని మీవారు ఒక్క మాట అని ఉంటే, అప్పుడు ఆమె కాదని ఉంటే, ఇంత కోపానికీ అర్థం ఉండేది. ఆమె చేసింది సరైన పనని నేను అనను. తల్లిని అలా చూసి కూడా భర్త వెనకాల నడిచి వెళ్లడం తప్పే. దాని గురించి ఆమెను అడగొచ్చు, అడగాలి కూడా. అడక్కుండా సంక్రాంతికి ఆడపిల్లని పిలవడం మానెయ్యడం మాత్రం పెద్ద శిక్ష.

మీవారి కోపంలో ఇంకొకటి కూడా కలిసి ఉందని నా అనుమానం. ఆ లింకు. తను చెకిన్ చేసి ఉంటే మీ నలుగురికీ సీట్లు దొరికేవేమోనని ఆయనకి లోపల ఎక్కడో గుచ్చుతూ ఉంటుంది. దాన్ని ఎత్తిపొడవకండి. ముందు రోజు చెకిన్ చెయ్యకపోవడం నేరం కాదు, టైముకి వెళ్లినవాళ్లని ఆపేసిన తప్పు కంపెనీదేనని చెప్పండి. అది నిజం కూడా.

మీకూ ఒక మాట చెప్తాను, కష్టంగా ఉంటే నన్ను తిట్టుకోండి. 'కూతురు వెళ్లిపోయింది, కోడలే కాళ్లు నొక్కింది' అనే కథలో మీకు మార్కులు బాగా పడ్డాయి. మీరు నిజంగానే చేశారు, ఆ మార్కులు మీవే. కానీ గొడవ సర్దుకుంటే అవి తగ్గిపోతాయేమోనని మనసు లోలోపల లాగుతుంది. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లుగా ఎంతోమంది కోడళ్లలో చూశాను, అందుకే చెప్తున్నాను.

ఇక డబ్బు సంగతి. ఉదయం విమానం అన్నారు కాబట్టి 24 గంటల లోపే పంపించారన్న మాట. అసలు విమానం టైము నుంచి గంట దాటి 24 గంటల లోపు వేరే విమానం ఎక్కిస్తే, ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెట్టింపు పరిహారం ఇవ్వాలి, మనిషికి 10,000 రూపాయలు మించకుండా. ఆ రెండూ కలిపి మనిషికి 3,000 అనుకుంటే 6,000 చొప్పున నలుగురికీ 24,000. మీకు ఇచ్చింది నలుగురికీ కలిపి 6,000 రూపాయల వోచర్లు. సంతకం పెట్టిన కాగితం కాపీ ఉంటే తీసి చూడండి. 'మా ఇష్టంతోనే ఆగాం' అని రాసి ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అలాంటప్పుడు అసలు ఏం జరిగిందో మీరు ఇంకా వివరంగా రాయాలి.

మంత్రిగారిని కలవాలంటే మీవారు కలవొచ్చు. అంతకుముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి ఒక మెయిల్ పెట్టమనండి. జవాబు రాకపోతే విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. అప్పటికీ కదలకపోతే శ్రీకాకుళంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంఘటన బెంగళూరులో జరిగినా మీరు ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ల వరకూ టైముంది. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు.

అయితే ఒక చిక్కుంది. టికెట్లు తీసింది మీ ఆడపడుచు భర్త. ఛార్జీల వివరాలున్న మెయిల్ ఆయన దగ్గరే ఉంటుంది. సిబ్బంది ఎవర్నీ 'ఆగుతారా' అని అడగలేదని చెప్పగల సాక్షులూ వాళ్లే. అంటే ఎలాగైనా వాళ్లకి ఫోన్ చెయ్యాల్సిందే. నాకైతే ఈ చిక్కు నచ్చింది. మీవారికి క్షమాపణల కబుర్లు నోటికి రాకపోవచ్చు గానీ, 'ఆ టికెట్ మెయిల్ పంపించు' అనడం వస్తుంది.

రథసప్తమికి ముందు రోజే రమ్మని మీరే పిలవండి, వదినగా. తెల్లవారుజామునే క్యూలో నిలబడాలి కదా, రాత్రి ఎలాగూ మీ ఇంట్లోనే పడుకోవాలి. ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్లిద్దర్నీ కూర్చోబెట్టి మెయిల్ రాయించండి. ఎన్నింటికి కౌంటర్ దగ్గరికి వెళ్లారు, ఎవరు ఏమన్నారు, రాత్రి ఎక్కడ కూర్చున్నారు, ఇదంతా రాస్తుంటే ఆ రెండు ఫోన్ల సంగతి దానంతట అదే వస్తుంది. రాకపోతే మీరు అడగండి.

మీ అత్తగారిని కూడా పంచాంగంతో సహా పక్కనే కూర్చోబెట్టుకోండి. ఆ రాత్రి ఆవిడకి ఎలా గడిచిందో ఇంతవరకూ ఆవిణ్ని ఎవరూ అడిగినట్టు లేదు.