కుంపటి వద్దు, మేజోళ్లు చాలు

ప్రశ్న: వెన్నుపూసకు దెబ్బ తగిలి నాలుగేళ్లుగా చక్రాల కుర్చీలో ఉన్నాను. ఆదిలాబాద్ చలికి కాళ్లు మంచుముద్దలవుతున్నాయి. అమ్మ రాత్రుళ్లు కుంపటి పెడుతోంది. జలుబు చేస్తే కఫం బయటికి రావడం లేదు.

జవాబు: ముందు ఆ కుంపటి తీయించండి. నేనూ 12 ఏళ్లుగా కుర్చీలోనే ఉన్నాను. మొదటి చలికాలంలో వేడినీళ్ల సంచి పాదాలకు ఆనించుకుని నిద్రపోయాను. స్పర్శ లేదు కదా, కాలినట్టే తెలియలేదు. తెల్లవారి చూస్తే మడమంతా బొబ్బ! మానడానికి 3 నెలలు పట్టింది. పైగా తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది. వదులైన ఉన్ని మేజోళ్లు, దుప్పటి చాలు. రోజూ అద్దంతో అరికాళ్లు చూసుకోండి.

కఫం సంగతి. పొట్ట కండరాలు బలహీనమైతే దగ్గుకు జోరుండదు. మీరు దగ్గే క్షణంలోనే పక్కటెముకల కింద అరచేతితో లోపలికి, పైకి నొక్కే పద్ధతి ఉంది. ఫిజియోథెరపిస్టు దగ్గర అమ్మగారికి నేర్పించండి, సొంతంగా ప్రయత్నించవద్దు. ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. మూత్రానికి వెళ్లడం కష్టమని నీళ్లు మాత్రం తగ్గించకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది. జ్వరంతో ఆయాసం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.