స్పానర్ పట్టే ముందు గొట్టం కొస చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. హెచ్‌పీఎల్‌సీలో (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసే యంత్రం) కాలమ్, అదే ఆ విడదీత జరిగే నాళం, మార్చిన ప్రతిసారీ లీకవుతోందని, టెన్షన్‌తో స్పానర్ పెట్టి బిగించేస్తున్నానని ఫోన్‌లో చెప్పావు. ముందు ఆ స్పానర్ కింద పెట్టరా. బిగింపు చాలక కారినవి నేను చూసింది తక్కువ. కాలమ్‌కి తగిలించే సన్న గొట్టం సరిగ్గా కూర్చోక కారినవే ఎక్కువ.

గొట్టం కొస పోర్టు (గొట్టం దూర్చే రంధ్రం) అడుగును తాకాలి. నట్టు, ఫెర్రూల్ (నట్టు ముందుండి గొట్టాన్ని కరిచి పట్టే చిన్న రింగు) ఎక్కించాక గొట్టాన్ని అడుగుదాకా నెట్టి, అలా పట్టుకునే నట్టు తిప్పు. పట్టు వదిలావా, గొట్టం వెనక్కి జారి అడుగున ఖాళీ మిగులుతుంది. బయటికి చుక్క రాకపోవచ్చు, కానీ శాంపిల్ ఆ ఖాళీలో సుడి తిరిగి గ్రాఫ్‌లో పీకులు (శిఖరాలు) వెడల్పవుతాయి, తోకలు సాగుతాయి. జీడిమెట్లలో పనిచేసేటప్పుడు ఆ తోక చూసి మంచి కాలమ్‌నే తీసి పక్కన పెట్టాను. కొత్తది పెట్టినా తోక పోలేదు!

స్టీల్ గొట్టంతో అసలు చిక్కు. ఫెర్రూల్ ఒకసారి కరుచుకుంటే ఇక జరగదు. పోర్టు లోతేమో కంపెనీని బట్టి మారుతుంది. వాటర్స్‌ది సుమారు 3.3 మిల్లీమీటర్లు, పార్కర్‌ది 2.3. పార్కర్‌కి అమరిన గొట్టం వాటర్స్‌లో పెడితే లోపల ఖాళీ. వాటర్స్‌కి అమరింది పార్కర్‌లో పెడితే ఫెర్రూల్ ఆనక లీకు. ఎంత బిగించినా ఆగదు, మర పోతుంది. అందుకే కాలమ్ కంపెనీ మారితే కొత్త గొట్టం, కొత్త ఫెర్రూల్. మొదటిసారి చేత్తో బిగిశాక స్పానర్‌తో ముప్పావు చుట్టు, తర్వాతెప్పుడైనా పావు చుట్టు లోపే.

పీక్ (PEEK) అనే ప్లాస్టిక్ గొట్టమైతే చేతి బిగింపు నట్టు చాలు. కొస మాత్రం కట్టర్‌తో నిటారుగా కొయ్యి, బ్లేడు వద్దు. రంగు చూసుకో: ఎరుపు లోపలి రంధ్రం 0.13 మిల్లీమీటర్లు, పసుపు 0.18, నీలం 0.25. టీహెచ్ఎఫ్, డీసీఎం అనే ద్రావకాలు పోస్తే ఆ ప్లాస్టిక్ ఉబ్బుతుంది, అక్కడ స్టీలే వాడు.

నట్టు ముట్టుకునే ముందు పంపు ఆపి, ప్రెషర్ సున్నాకి రానియ్యి. కారే చోటు తెలియకపోతే టిష్యూ కొస తాకించు. బఫర్ (ఉప్పు కలిసిన ద్రావణం) అయితే తెల్లటి ఉప్పే పట్టిస్తుంది.

రేపు ఆ నట్టు విప్పి, ఫెర్రూల్ ముందు కొస ఎంతుందో కొలువు. ల్యాబ్‌లోకి ఫోన్ రానివ్వరుగా, కాగితం మీద రాసుకుని రాత్రికి చెప్పు.

మావయ్య