ఉద్యోగమిచ్చేవారికి పని చూపాలంటే పీజీ విద్యార్థికి సొంత వెబ్‌సైట్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కోడ్‌ను దాచుకుని ఇతరులకు చూపే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా, అందులో చక్కగా వివరించిన రెండు మూడు ప్రాజెక్టులు ఉంటే ఎం.టెక్., ఎం.సి.ఏ. విద్యార్థికి సరిపోతాయి. దరఖాస్తులు వడపోసేవారికి ఒక్కొక్కరిపై వెచ్చించే సమయం చాలా తక్కువ కాబట్టి, పేజీ అలంకారం కంటే అభ్యర్థి ఏ సమస్య తీసుకున్నారు, ఎలా పరిష్కరించారు, ఫలితం ఏమిటి అన్నవే వారికి ముఖ్యం. ఖాతా పేరుతోనే ఒక పబ్లిక్ రిపాజిటరీ (అందరికీ కనిపించే ప్రాజెక్టు ఫోల్డరు) తెరిచి అందులో రీడ్‌మీ ఫైలు (పరిచయ పాఠం) రాస్తే, అది ప్రొఫైల్‌లో పైనే కనబడుతుంది. దాని కింద 6 ప్రాజెక్టుల వరకు పిన్ చేసుకోవచ్చు. థీసిస్ పనితో తీరికలేని వారు కూడా దీన్ని కొద్దికొద్దిగా పూర్తిచేయవచ్చు. వెబ్ పేజీయే కావాలంటే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో డొమైన్ (సొంత వెబ్ చిరునామా) కొనకుండానే పెట్టుకోవచ్చు.

ఉదాహరణకు, తెలుగు చేతిరాతను గుర్తించే ప్రోగ్రామ్ రాసిన విద్యార్థి, కోడ్‌తో పాటు ఒక చేతిరాత చిత్రాన్నీ, దానికి ప్రోగ్రామ్ ఇచ్చిన పాఠాన్నీ పక్కపక్కన చూపి, ఏ ఒత్తుల దగ్గర అది తడబడుతోందో కూడా రాస్తే, కోడ్ తెరవని హెచ్.ఆర్. ఉద్యోగికీ, తెరిచి చదివే ఇంజనీరుకూ పని అర్థమవుతుంది. లోపాలను దాచకుండా చెప్పిన వివరణే నిజానికి ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

పబ్లిక్‌గా పెడితే హక్కులు పోతాయన్నది చాలామందికి ఉన్న అపోహ. గిట్‌హబ్‌లో ఇతరులు ఆ కోడ్‌ను చూడవచ్చు, ఫోర్క్ చేసుకోవచ్చు (తమ ఖాతాలోకి నకలు తీసుకోవచ్చు) గానీ, లైసెన్సు (ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి) జతచేయనంతవరకు సాధారణ కాపీహక్కు నియమాలే వర్తిస్తాయి. అయితే ఇంకా ప్రచురితం కాని పరిశోధన భాగాలను పెట్టేముందు గైడ్ అనుమతి తప్పక తీసుకోవాలి.