గడ్డిలో తీపి ఉంది, డ్రమ్ములో రాదు

ప్రశ్న: మాకు మూడెకరాల వరి, నాలుగు గేదెలు ఉన్నాయి. ఒకాయన ఎంజైము పొడి అమ్ముతున్నారు. తరిగిన వరిగడ్డిని డ్రమ్ములో నానబెట్టి ఆ పొడి కలిపితే, వారంలో గడ్డి కరిగి బెల్లపు పానకంలా అవుతుందట, గేదెలకు తాగించవచ్చట. ఎంజైములతో గడ్డి చక్కెర అవుతుందని మా అమ్మాయి కూడా పుస్తకంలో చదివింది. కొనమంటారా?
– ఒక రైతు, తెనాలి దగ్గర

జవాబు: కొనవద్దండి. మీ అమ్మాయి చదివింది నిజమే. డ్రమ్ములో అవుతుందన్నదే నిజం కాదు.

అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. అందులోని పిండి పదార్థం గ్లూకోజు గొలుసు. మన లాలాజలంలోని ఎంజైము దాన్ని తెంపుతుంది. గడ్డిలో మూడో వంతుకు పైగా ఉండే సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే. కానీ గడ్డిపోచను ఎంతసేపు నమిలినా తీపి తగలదు. గొలుసులోని లంకె తీరు వేరు. పైగా ఆ గొలుసులు పేనిన తాడులా బిగుసుకుని ఉంటాయి, చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం అల్లుకుని ఉంటుంది. ఎంజైముకు చొరబడే సందే దొరకదు.

వ్యవసాయ కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పే రోజుల్లో ఏటా ఒక ప్రయోగం చేయించేదాన్ని. ఒక ఫ్లాస్కులో ఉత్త గడ్డిపొడి, రెండోదానిలో అదే పొడిని కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికించి, బాగా కడిగి వేసేవాళ్ళం. రెండింటికీ ఒకే ఎంజైము, ఒకే కొలత, 50 డిగ్రీల వేడి. మర్నాడు ఆ నీటిని వడకట్టి, చక్కెర ఉంటే రంగు ముదిరే పసుపురంగు ద్రావణంతో మరిగిస్తే, మొదటి గొట్టంలో పసుపు కాస్త ముదిరేది, అంతే. రెండోది చింతపండు పులుసు రంగుకు తిరిగేది. ఎంజైము ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిదని పిల్లలు ప్రతి ఏడూ అడిగేవారు. తేడా అంతా ముందు చేసిన ఉడకబెట్టడంలోనే ఉంది.

ఇప్పుడు ఈ పనికి వాడే ఎంజైములు చాలావరకు ట్రైకోడెర్మా రీసై అనే బూజు నుంచి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైనికుల గుడారాలు, నూలు బట్టలు చివికిపోతుంటే, కారణం వెతికి పట్టుకున్న బూజు ఇది. నూలు దాదాపు అంతా సెల్యులోజే, లిగ్నిన్ అడ్డం లేదు. అందుకే బట్టలను అంత సులువుగా తినేసింది. గడ్డి అలా లొంగదు. పానిపట్‌లో 2022లో ప్రారంభించిన, గడ్డిని చక్కెర చేసి దాన్ని పులియబెట్టి ఇంధనం తీసే ఇథనాల్ కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి వాడేలా కట్టినది. అంత పెద్దచోట కూడా ముందు గడ్డిని ఆవిరితో, ఒత్తిడితో విప్పాకే ఎంజైములు కలుపుతారు. మీ డ్రమ్ములో ఒకవేళ చిటికెడు చక్కెర పుట్టినా, వారంలోపు సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. మిగిలేది కుళ్ళునీరు. దాన్ని గేదెల దగ్గరకు రానివ్వకండి.

నిజానికి మీరు ఎంజైము కొనాల్సిన పనే లేదు. గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పగలూ రాత్రీ దాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. గడ్డిని కాస్త సడలించి ఇస్తే చాలు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు తీసుకోండి. యూరియా పూర్తిగా కరిగాక, గడ్డిని పొరలుగా పరుస్తూ సమంగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచండి. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలిస్తుంది. పట్టా తీస్తే ముక్కు అదిరే ఘాటు వస్తుంది, గడ్డి ముదురు గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది. ఆ ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టవద్దు. యూరియా నీళ్ళున్న బకెట్టును మాత్రం గేదెలకు అందేచోట ఒక్క నిమిషం కూడా వదలకండి. అది తాగితే ప్రాణమే పోతుంది.