బెర్లిన్‌లో గదికి ఇప్పుడే డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయికి బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఎంఎస్ సీటు వచ్చింది. అక్టోబర్‌లో క్లాసులు. యూనివర్సిటీ వాళ్లు హాస్టల్ ఇవ్వరట. నడిచి వెళ్లేంత దూరంలో గది ఉందని, మూడు నెలల అద్దె ముందే కడితే ఖాయం చేస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఫొటోలు పంపారు, బాగానే ఉన్నాయి. కట్టమంటారా? ఇంకో చిన్న సంగతి, వాడికి బయటి తిండి పడదు. కుక్కర్ ఇక్కణ్నుంచే పంపాలా?

జవాబు: కట్టకండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. ఇంకో రెండు రోజుల్లో మీకు "వేరేవాళ్లు అడుగుతున్నారు, ఈరోజే తేల్చండి" అని ఫోన్ వస్తుంది. అప్పుడు కూడా కట్టకండి.

ఎందుకంటే జర్మనీలో అడ్వాన్సుకి చట్టంలోనే లెక్క ఉంది. కౌట్సియోన్ అంటారు దాన్ని. మూడు నెలల 'కాల్ట్' అద్దెకు మించి తీసుకోకూడదు. కాల్ట్ అంటే చల్లనిది, అంటే హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలపని ఉత్త అద్దె. అవన్నీ కలిపితే 'వార్మ్'. ఆ అడ్వాన్సు కూడా ఒక్కసారే ఇవ్వక్కర్లేదు. మూడు నెలవారీ వాయిదాల్లో ఇచ్చే హక్కు అద్దెకు దిగేవాడికి ఉంది. మొదటి వాయిదా అద్దె మొదలయ్యే రోజుకి ఇస్తే చాలు. అలాంటి చోట, గది కంటితో చూడకుండా, అగ్రిమెంటు చేతికి రాకుండా, మొత్తం ముందే కట్టమంటున్నారంటే మీరే ఆలోచించండి. బ్రోకర్ ఫీజు సంగతీ అంతే. అద్దె ఇళ్లకు సంబంధించి అక్కడ 2015 నుంచి ఉన్న నియమం, బ్రోకర్‌ని ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు ఇచ్చుకోవాలి. ఓనరు పెట్టిన బ్రోకర్‌కి మీ అబ్బాయి జేబులోంచి ఇవ్వాల్సిన పని లేదు.

ఫొటోల గురించి ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒకమ్మాయి ఇలాగే ఫొటోలు తెచ్చి చూపించింది. షార్లొటెన్‌బుర్గ్‌లో గది, తెల్ల సోఫా, బాల్కనీలో పూలకుండీలు, అద్దె అన్నీ కలిపి 380 యూరోలు. ఆ పేటలో ఆ ధరే అనుమానించాల్సింది, కానీ ఆశ అలాంటిది. ఓనరు తాను ఉద్యోగం మీద లండన్‌లో ఉన్నానని, డబ్బు అందగానే తాళం కొరియర్‌లో పంపుతానని రాశాడు. నమ్మకానికి తన పాస్‌పోర్టు ఫొటో కూడా పెట్టాడు. నేను ఫొటో పెద్దది చేసి మంచం పక్క గోడ చూశాను. ప్లగ్ పాయింటుకి మూడు పలకల కంతలున్నాయి, పక్కనే చిన్న స్విచ్. అది బ్రిటన్ పాయింటు. జర్మనీ పాయింటు గుండ్రంగా, గిన్నెలా లోపలికి ఉంటుంది, రెండే గుండ్రటి కంతలు. ఆ గది ఎక్కడిదో గానీ బెర్లిన్‌ది మాత్రం కాదు. ఇక ఆ పాస్‌పోర్టు, అంతకుముందు ఇలాగే మోసపోయిన ఏ పిల్లాడిదో అయ్యుంటుంది. మీకు వచ్చిన ఫొటోల్లో కూడా గోడల వంక ఒకసారి చూడండి. జర్మనీ పాయింటే కనపడినా కట్టమని నా అర్థం కాదు సుమా, ఫొటోలు ఎవరైనా ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు.

హాస్టల్ ఎందుకివ్వరంటే, మన కాలేజీల్లాగా అక్కడ యూనివర్సిటీ హాస్టల్ నడపదు. బెర్లిన్‌లో ఆ పని ష్టుడీరెండెన్‌వెర్క్ అనే ప్రభుత్వ సంస్థది. క్యాంటీన్లు కూడా వాళ్లవే. టెక్నికల్ యూనివర్సిటీ, హుంబోల్ట్, ఫ్రీ యూనివర్సిటీ, ఇంకా చిన్నాపెద్దా కాలేజీల పిల్లలందరూ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. వాళ్ల పరిధిలోని పిల్లలు లక్షన్నర పైమాట, ఉన్న గదులు 9,000 చిల్లర. ఒక సెమిస్టరు దాటి ఎదురుచూడటం మామూలే. అయినా అడ్మిషన్ లెటర్ చేతిలో ఉందిగా, ఈ రాత్రే అబ్బాయిని కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో అప్లై చేయించండి. బయటి గదుల కన్నా అద్దె బాగా తక్కువ. వచ్చే ఏప్రిల్‌కి దొరికినా లాభమే. టీయర్‌గార్టెన్ స్టేషన్ దగ్గర జీగ్‌మున్డ్స్ హోఫ్ అనే హాస్టల్ ఉంది, అక్కణ్నుంచి వాళ్ల యూనివర్సిటీకి నిజంగానే నడిచి వెళ్లొచ్చు. కానీ అదొక్కటే కావాలని పట్టుపట్టొద్దు, ఏది వస్తే అది తీసుకోమనండి.

ఇక మీ 'నడిచే దూరం'. మనవైపు రోడ్లు, బస్సులు చూసి మీరలా అడగడం సహజమే. బెర్లిన్‌లో ఆ లెక్క పనిచేయదు. మీ అబ్బాయి కట్టే సెమిస్టరు ఫీజులోనే రవాణా టికెట్ కలిసి ఉంటుంది. దానితో బెర్లిన్‌లోనే కాదు, జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్లు ఎక్కొచ్చు. (ప్రైవేటు యూనివర్సిటీలో చేరే పిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతుంటే, మీకు ఆ టికెట్ ఉందో లేదో ముందే కనుక్కోండి.) అంటే కిలోమీటర్లతో పని లేదు, ఎన్ని రైళ్లు మారాలన్నదే లెక్క. యూనివర్సిటీ ముందున్న స్టేషన్ ఎర్న్‌స్ట్-రాయిటర్-ప్లాట్స్, యూ2 అనే మెట్రో లైను మీద ఉంది. అదే లైను ఇంకో చివర పాంకో. మ్యాపులో చూస్తే ఊరికి ఆ కొస, కానీ కూర్చున్న సీటులోంచి లేవకుండా వచ్చేయొచ్చు. ష్పాన్‌డావ్ పేరు చెబితే అక్కడి మనవాళ్లు "అమ్మో, అంత దూరమా" అంటారు. అక్కడ రీజనల్ రైలు ఎక్కితే పావుగంట లోపే జూ స్టేషన్, అక్కడి నుంచి యూనివర్సిటీ నడకే. వెడ్డింగ్ నుంచి యూ9 కూడా జూ స్టేషన్‌కే వస్తుంది. మార్‌త్సాన్ వైపు ఇంకా చవక, ఎస్7 రైలు నేరుగా వస్తుంది, కాకపోతే ముప్పావు గంట చూసుకోవాలి. మన హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్లొచ్చేవాళ్లకి అదొక దూరమే కాదు.

దూరం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "ఈ గదిలో అన్‌మెల్డుంగ్ చేయనిస్తారా?" అన్నది. కన్సల్టెన్సీ వాళ్లని కూడా ఇదే అడగండి, వాళ్లు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

అన్‌మెల్డుంగ్ అంటే ఉండే అడ్రసుని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేసుకోవాలని చట్టం. బ్యుర్గర్‌ఆమ్ట్ అనే ఆఫీసులో చేస్తారు, మన మీసేవ లాంటిదనుకోండి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఒక కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్. పలికేసరికి ఊపిరి అయిపోతుంది, కానీ ఆ కాగితం లేకపోతే అక్కడ ఏ పనీ ముందుకు కదలదు. అద్దె అగ్రిమెంటు చూపిస్తే సరిపోదు. ఆ నమోదు అయ్యాకే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది లేకుండా పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే జీతంలోంచి పన్ను ఎక్కువ పట్టేస్తారు. వీసా గడువు అయ్యేలోపు రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలన్నా ఆ నమోదే ఆధారం. కొన్ని బ్యాంకులు అకౌంటు తెరవడానికి కూడా అదే అడుగుతాయి. ఇంకో సంగతి, బ్యుర్గర్‌ఆమ్ట్ అపాయింట్‌మెంట్ దొరకడం తిరుపతి దర్శనం టికెట్ లాంటిది. తన పేట ఆఫీసే అవ్వాలని లేదు, బెర్లిన్‌లో ఏ పేట ఆఫీసులోనైనా చేయించుకోవచ్చు. పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచి, ఎవరో రద్దు చేసుకున్న స్లాటు పట్టుకోవాలి.

ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కుంటున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో "బెడ్ స్పేస్ ఉంది, 300 యూరోలు, మన తెలుగోళ్లే, అన్‌మెల్డుంగ్ లేదు" అని మెసేజీలు వస్తుంటాయి. ఇద్దరు ఉండాల్సిన ఇంట్లో ఐదుగురు. ఓనరుకి తెలియకుండా మళ్లీ అద్దెకిస్తే ఆ ఇల్లే పోతుంది, ఒక్కరి వల్ల ఐదుగురూ రోడ్డు మీదికి వస్తారు. సీనియర్లని తప్పుపట్టడం లేదు, దిగిన మొదటి వారం వాళ్లు చూపించే ఆదరణ ఎవరూ చూపించరు. వారం పది రోజులు చుట్టంలా ఉండమనండి. ఆరు నెలలు ఉండొద్దు. డబ్బు తీసుకుని ఉత్త అడ్రస్ అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల జోలికి అసలు పోవద్దు. ఎవరూ దిగని ఇంటి అడ్రసు ఇలా నమోదుకి ఇచ్చినవాళ్లకు 50,000 యూరోల వరకు జరిమానా వేయొచ్చని చట్టం చెబుతోంది.

మరి ఏం చేయాలంటే, నా లెక్కలో ఇలా. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఊరంతా గదుల వేటలోనే ఉంటుంది. వీసా వస్తే ఆగస్టు చివరికే పంపించేయండి. మొదటి రెండు మూడు నెలలకి, అన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇస్తామని రాతపూర్వకంగా చెప్పిన ప్రైవేటు స్టూడెంట్ అపార్ట్‌మెంటు గానీ, 'త్స్విషెన్‌మీటె' గానీ చూసుకోమనండి. త్స్విషెన్‌మీటె అంటే ఇంట్లో ఉన్నవాళ్లు ఏ ఇంటర్న్‌షిప్‌కో ఊరెళ్తూ కొన్నాళ్లకి తమ గది ఇచ్చి వెళ్లడం. ధర కొంచెం ఎక్కువే పడుతుంది. పడనివ్వండి. అక్కడ నిలదొక్కుకున్నాక, గదులు కళ్లతో చూసి మారొచ్చు.

పక్కా గది అంటే ఎక్కువమందికి 'వేగే', అంటే నలుగురు కలిసి ఒక ఫ్లాట్ పంచుకోవడం. వంటిల్లు, బాత్‌రూమ్ ఉమ్మడి, గది ఎవరిది వారికి. వేగే-గెజూఖ్ట్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అక్కడ గది ఇచ్చేది ఓనరు కాదు, ఇప్పటికే ఉంటున్న పిల్లలు. పిలిచి, టీ ఇచ్చి, గంటసేపు మాట్లాడి, నచ్చితేనే రమ్మంటారు. మన పెళ్లిచూపులే అనుకోండి, కాకపోతే ఒక్క గదికి ముప్పై మంది వరుసలో ఉంటారు. "డియర్ సర్, ఐయామ్ ఇంట్రెస్టెడ్" అని ఒకే మెసేజీని వంద మందికి పంపితే ఒక్కరూ పలకరు. ప్రకటన చివరిదాకా చదివారో లేదో చూడటానికి కొందరు మధ్యలో "మీ జవాబు ఫలానా మాటతో మొదలుపెట్టండి" అని కూడా రాసి పెడతారు. మూడు లైన్లు జర్మన్‌లో రాసి, వాళ్లు రాసినదాంట్లో ఒకటి పట్టుకుని మాట కలపమనండి. మీవాడు క్రికెట్ ఆడతాడా, వంట చేస్తాడా, అవి చెప్పమనండి. మార్కుల సంగతి అక్కడ ఎవరూ అడగరు.

ఇంకో జాగ్రత్త, 'ఉన్‌మ్యోబ్లియెర్ట్' అని ఉన్న ఫ్లాట్ చవగ్గా కనపడుతుంది. సామాను లేనిది అని అర్థం. మంచం, బీరువా ఉండవనే కదా అనుకుంటాం. ఒక్కోసారి వంటింట్లో పొయ్యీ సింకూ కూడా ఉండవు, పైకప్పు నుంచి బల్బు లేని వైర్లు వేలాడుతుంటాయి. రెండేళ్ల చదువుకి అది మనకెందుకు?

డబ్బు లెక్క సూటిగా చెబుతాను. మీరు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే ఖాతాలో, వేసే 11,904 యూరోల్లోంచి నెలకు 992 వస్తాయి. బెర్లిన్‌లో వేగే గదికి వార్మ్ అద్దె 500 నుంచి 700 మధ్య అనుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ 140 పైనే. రేడియో, టీవీ పన్ను ఇంటి మొత్తానికి నెలకు 18.36, టీవీ లేకపోయినా కట్టాల్సిందే, ఇంట్లోవాళ్లు పంచుకుంటారు. గది 650 పెట్టి తీసుకుంటే తిండికి, ఫోనుకి, మిగతా అన్నిటికీ కలిపి మిగిలేది 200కి అటూఇటూ. సెమిస్టరు ఫీజు అందులోంచి తీయాలన్నా కష్టమే. అందుకే మొదటి ఆరు నెలలకి విడిగా ఒక రెండు మూడు వేల యూరోలు చేతిలో పెట్టుకోండి. కన్సల్టెన్సీకి ఇద్దామనుకున్న సొమ్మే పక్కన పెట్టారంటే చాలావరకు సరిపోతుంది.

గదిలో దిగిన రోజు రెండు పనులు మర్చిపోవద్దని చెప్పండి. ఒకటి, గోడల మీద గీతలు, నేల మీద మరకలు, బాత్‌రూమ్ మూలల్లో బూజు, అన్నీ ఫొటోలు తీసి, తాళం ఇచ్చినప్పుడు రాసే కాగితంలో ఎక్కించాలి. వెళ్లేటప్పుడు అడ్వాన్సు కోతకి అవే సాకులు. రెండోది, కింద పోస్టు డబ్బా మీద తన ఇంటిపేరు అంటించుకోవాలి. జర్మనీలో చాలా ఇళ్లకు ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్ట్‌మాన్ పేరు చూసే వేస్తాడు. పేరు లేకపోతే పన్ను నంబరు ఉత్తరం, బ్యాంకు కార్డు, రెండూ వెనక్కి వెళ్లిపోతాయి.

కుక్కర్ పంపండి, తప్పకుండా. అల్యూమినియంది మాత్రం వద్దు, కొన్ని ఇళ్లలో ఇండక్షన్ పొయ్యిలుంటాయి, దాని మీద వేడెక్కదు. అడుగున ఇండక్షన్ గుర్తు ఉన్న మూడు లీటర్ల స్టీలుది చాలు, రెండు గ్యాస్కెట్లు అదనంగా పెట్టండి. రాత్రి పది తర్వాత విజిల్ వేయొద్దని చెప్పండి, పొద్దున ఆరు దాకా అక్కడ చప్పుడు చేయకూడని వేళ. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవమనండి. నడవాలో, పడగ్గదుల్లో పొగ అలారాలు ఉంటాయి. ఒకసారి మోగిందంటే ఆ వేగేలో పప్పు పోపు గురించి నెల రోజులు చెప్పుకుంటారు.